పాఠకులే తేల్చాలన్నారు

ఆ సీరియల్‌ని మెచ్చుకున్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. చదవనివాళ్ళూ లేరు. గుడివాడలో మా అమ్మ ఆ వారపత్రికని బియ్యం డబ్బాలో దాచేది. నాన్న చూస్తాడని కాదు, నేను చూస్తానని. వంటకి బియ్యం తీసేది నేనేనన్న సంగతి ఆవిడకి తట్టలేదో, తట్టనట్టు ఉండేదో ఇప్పటికీ తెలియదు. "ఛీ, ఏం రాతలే ఇవి" అనేది. గురువారం పత్రికబ్బాయి ఆలస్యం చేస్తే మాత్రం మాటిమాటికీ వీధి గుమ్మంలోకి వచ్చి చూసేది ఆవిడే.

కథ ఇదీ. కాలవ గట్టున ఒక పెద్ద బంగళా, అందులో ఒక ఆస్తిపరుడు. పడవ బోల్తాపడి అతని భార్య మునిగిపోతుంది, శవం దొరకదు. కొన్నాళ్ళకి ఒక రాత్రి తలుపు గొళ్ళెం చప్పుడవుతుంది. తీస్తే ఆమే, తడిచీరతో. ఆ చీర ఒంటికి ఎలా అంటుకుందో అరపేజీ, ఆ తర్వాత గదిలో ఏం జరిగిందో పేజీన్నర. ఆమె ఒళ్ళు మొదట నూతినీళ్ళలా చల్లగా ఉంటుంది, పోనుపోను వెచ్చబడుతుంది. ప్రతివారమూ ఇంతే. మొదటి భాగం నిండా వస్తూ పోతూ ఉంది. రెండో భాగంలో అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఇద్దరి మధ్యకీ వచ్చి పడుకుంది. నన్నడిగితే ఆ రచయితకి భాష వచ్చు, సిగ్గు రాదు. ఆ రెండూ కలిసినవాణ్ణి చదవకుండా ఉండటం పందొమ్మిదేళ్ళ పిల్లకి అయ్యే పని కాదు.

బందరులో డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్ దగ్గర ఒక సాయిబుగారి అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఆయన పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు విడదీసి, దారంతో కుట్టి, అట్టలు వేసి అద్దెకిచ్చేవారు. తను ఒక్క అక్షరం చదివేవారు కాదు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ప్రతివాళ్ళనీ "ఎలా ఉందమ్మా?" అని అడిగి, ఆ మాటే తర్వాత వచ్చినవాళ్ళకి చెప్పేవారు. "లెక్చరరుగారికి నచ్చలేదండీ. కోర్టు గుమాస్తాగారు మాత్రం రెండోసారి పట్టికెళ్ళారు. ఇక మీ ఇష్టం" అనేవారు. మంచి పేజీలన్నీ అప్పటికే ఎవరో చింపుకుపోయి ఉండేవి. చిరిగిన పేజీలో ఏముండి ఉంటుందా అని మా గదిలో పోట్లాటలు. బావతో పెళ్ళి కుదిరిన ఒక పిల్ల "బతికున్న మొగుడు ఒక్కరోజైనా అంత ప్రేమగా తలుపు కొడతాడంటావా?" అని అడిగింది ఒకసారి.

డెబ్భై ఏడులో పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. గుడివాడలో పురుడు పోసుకున్న మా అక్కని, అయిదోనెల పిల్లాణ్ణి అత్తవారింట్లో దిగబెట్టడానికి దివిసీమ వెళ్ళి అక్కడే ఉండిపోయాను. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది ఆ ఊరు. ఇంట్లో అక్క, బావ, అక్క అత్తగారు. బావ అవనిగడ్డలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. వారపత్రిక ఆయనే తెచ్చేవాడు. బస్సులోనే సీరియల్ చదివేసి, ఇంటికొచ్చి "ఇదుగో మీ చెత్త" అని నా ఒళ్ళో పడేసేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నేను పైకి చదవడం, వాళ్ళు వినడం. అక్క పిల్లాడికి పాలిస్తూ వినేది. అత్తయ్యగారు అటు తిరిగి కూర్చుని, కార్తీకమాసం వత్తులు చేసుకుంటూ, తనకి వినపడటం లేదన్నట్టు వినేవారు. మూడో శ్రోత మాకు చేపలమ్మే ఆమె. సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చి, ఊళ్ళన్నీ తిరిగి, ఖాళీ గంపతో మా వసారా మెట్టు మీద కూలబడేది. ముప్ఫై ఏళ్ళుంటాయి, పిల్లల్లేరు. మొగుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు. ఆ ఇద్దరి కీచులాటలు పాలెమంతా ప్రసిద్ధం. సారా కొట్టు దగ్గరనుంచి అతన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చానని తనే గొప్పగా చెప్పేది.

గదిలో సంగతులొచ్చే చోట నేను గబగబా చదివేసేదాన్ని. ఆమె ఊరుకునేది కాదు. "అమ్మాయిగారండీ, అక్కడ కాస్త మెల్లగా చదవండి. బండి తరిమినట్టు తరిమేశారు" అనేది. అత్తయ్యగారు "దానికి సిగ్గులేదు, నువ్వు చదవకే" అనేవారు. కానీ వత్తి చేసే చెయ్యి ఆగిపోయేది. నేను మళ్ళీ మెల్లగా చదివేదాన్ని.

విమర్శ చెయ్యడంలో బందరు లెక్చరర్లు కూడా ఆమె ముందు చాలరు. "నీళ్ళలో పోయినోళ్ళని ఈయనెప్పుడన్నా చూశాడా? తడిచీరా మల్లెపూలూ ఉండవండీ. చేపలు ముందు కళ్ళు తింటాయి. మా పాలెం వచ్చి ఒక్కమాట అడిగితే చెప్పేవాళ్ళం కదా" అంది ఒకసారి. అక్క పిల్లాడి చెవులు మూసింది. మరోసారి, "పోయి ఇన్నాళ్ళైంది కదా, ఆ చీర ఇంకా ఎందుకు ఆరలేదు?" అని అడిగింది. దానికి రచయిత దగ్గర కూడా జవాబు ఉండి ఉండదు.

మూడో భాగం నడుస్తుండగా పత్రికవాళ్ళు ఒక ప్రకటన వేశారు. మంత్రగాడు వచ్చేశాడు, ముగ్గు వేసేశాడు. ఆమె ఉండాలా, వెళ్ళిపోవాలా? పాఠకులే తేల్చాలి, కార్డు మీద అభిప్రాయం రాసి పంపండి అని. ఇంట్లో ఉన్నది ఒకే కార్డు. దానికోసం వసారాలో పంచాయతీ మొదలైంది.

అక్క రెండో పెళ్ళాం పక్షం. "ఆ పిల్ల ఏం పాపం చేసిందే? మంచానికి ఆ చివర ముడుచుకుని పడుకుంటోంది" అంది. కర్మ సరిగ్గా చేసి ఉండరు, అందుకే తిరుగుతోందని మొదటినుంచీ అత్తయ్యగారి వాదన. కనక పంపెయ్యమంటారనుకున్నాం. ఆవిడ వత్తుల పళ్ళెం వంక చూస్తూ, "ఉండనివ్వండి, దాని ఇంటికి అది వస్తే మీకేం?" అన్నారు. భర్త పోయి చాలా ఏళ్ళైన మనిషి.

చేపలామె ఒక్కతే తడుముకోలేదు. "పంపెయ్యాలండీ. మా పాలెంలో సముద్రం మింగినోళ్ళందరూ రాత్రిళ్ళు తిరిగొస్తే ఉన్నోళ్ళకి పడుకోటానికి చోటుండదు. చచ్చినోళ్ళు చచ్చినట్టుండాలి, బతికినోళ్ళు బతికినట్టుండాలి" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పంచాయతీ ఆపేసి ఆ మాటనే కార్డు మీద ఎక్కించాను. కింద, చేపలమ్ముకునే ఒకావిడ అభిప్రాయం అని రాశాను.

"నా మాట అచ్చులో వేస్తారా?" అంది.

"వెయ్యొచ్చు."

"నే చెప్పానని పంపేస్తాడా?"

"పాఠకులే తేల్చాలన్నారుగా" అన్నాను నవ్వుతూ.

శుక్రవారం పొద్దున్న నేను కార్డు పోస్టు డబ్బాలో వేస్తుంటే గంపతో ఎదురొచ్చింది. మొగుడికి సంగతంతా చెప్పిందట. అతను "రేపు నేను పోతే నన్నూ ఇలాగే పొమ్మంటావేంటే?" అన్నాడట. "నిన్నా? గుమ్మం తొక్కనిస్తే అడుగు" అందట. అది చెప్తూ రోడ్డు మధ్యలో నిలబడి పగలబడి నవ్వింది. ఆ పక్కనుంచి వెళ్ళే సైకిలాయన కూడా ఆగి నవ్వాడు.

మర్నాడు ఉప్పెన వచ్చింది.

పొద్దుటినుంచీ గాలి. బస్సు రాలేదు, బావ మిల్లుకి వెళ్ళలేదు. నీళ్ళు నల్లటి గోడలా లేచి వచ్చాయని అందరూ చెప్తారు. నేను చూడలేదు. వసారాలో ఏదో పడ్డ చప్పుడు విన్నాను, "మేడెక్కండి" అని బావ అరవడం విన్నాను. మెట్లదాకా వెళ్ళేసరికే నడుము లోతు. నోట్లోకి పోయిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఇది వాన కాదని అప్పుడు అర్థమైంది. అత్తయ్యగారు మెట్ల మీద జారితే చెయ్యి విరిగింది. డాబా మీద పిల్లాడికి మా ఒళ్ళు అడ్డం పెట్టుకుని తెల్లవారేదాకా పడుకుని ఉన్నాం. పక్కింటి పాక ఎప్పుడు పోయిందో, అందులోని మనుషులు ఎప్పుడు పోయారో మాకు తెలియలేదు.

తెల్లారాక చూసినవాటిని నేను ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. కొంచెమే చెప్తాను. చేలల్లో మనుషులూ పశువులూ కలిసిపోయి పడి ఉన్నారు. ముందు మనుషుల్ని వేరుచేసి పూడ్చారు, తర్వాత చేతకాక కిరసనాయిలు పోసి కాల్చారు. చెరువులన్నీ ఉప్పు. గుడివాడనుంచి నాన్న అవనిగడ్డ దాకా లారీలో వచ్చి, అక్కడినుంచి నడిచొచ్చి, అక్కనీ పిల్లాణ్ణీ తీసుకెళ్ళాడు. ఇల్లు వదిలి రానని అత్తయ్యగారు మొండికేశారు. బావ పగలంతా శవాలు పూడ్చేవాళ్ళతో తిరిగేవాడు. చెయ్యి విరిగిన మనిషికి వండిపెట్టడానికి నేను ఉండిపోయాను.

కొన్నాళ్ళకి చేపలామె వచ్చింది. సహాయంలో ఎవరో ఇచ్చిన మగవాళ్ళ చొక్కా వేసుకుని ఉంది. చేతులనిండా తుమ్మముళ్ళ గీతలు. మొగుడు ఆమెని తుమ్మచెట్టు మీదికి తోశాడట. "ఆయన చెయ్యి నా కాలు పట్టుకుని ఉందండీ. తర్వాత లేదు" అంది. శవం దొరకలేదు. పాలెంలో ఒక్క ఇల్లు మిగల్లేదు. అంత మనిషి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నుదుట ఇంత బొట్టు పెట్టుకుని ఉంది. మెట్టు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొట్టమొదట అడిగిన మాట ఇది.

"కార్డు వేశారా అమ్మాయిగారూ?"

ఏ కార్డో నాకు వెంటనే గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక, "వేశాను" అన్నాను.

"నేను పొమ్మన్నాను కదండీ" అంది.

అత్తయ్యగారు ఆమెని పశువుల కొట్టంలో ఉండమన్నారు. పశువులు ఎలాగూ లేవు. ఆమె రోజూ పొద్దు వాలే వేళకి తన గుడిసె ఉన్న చోటికి నడిచిపోయేది. ఒకరోజు భయమేసి నేనూ వెంట వెళ్ళాను. అక్కడ గుడిసె ఆనవాలు కూడా లేదు. బురద ఎండి, పైన ఉప్పు తేలి ఉంది. గుమ్మం ఇక్కడ అని చూపించి అక్కడ కూర్చుంది.

"ఒళ్ళు చల్లగా ఉన్నా పర్లేదమ్మా. ఆ కథలో ఆయన వణికిపోతాడు చూడండి, నేను వణకను. కళ్ళు లేకపోయినా పర్లేదు, చెయ్యి పట్టుకుని నడిపించుకుంటాను. ఒక్కసారి వచ్చి నా పక్కన పడుకుంటే చాలు" అంది. మళ్ళీ తనే, "రాడు. గుమ్మం తొక్కనివ్వనన్నాను. పైగా కార్డు కూడా రాయించాను" అంది.

అది కథని చెప్పాను. పత్రికవాళ్ళు అమ్ముకోవడానికి ఆడే ఆటని చెప్పాను. ఆమె నా వంక జాలిగా చూసింది. ఇన్ని వారాలూ పైకి చదివి వినిపించిన నోరు ఇప్పుడు అబద్ధమంటే ఎవరు నమ్ముతారు? ఆమెకి అక్షరాలు రావు. అచ్చులో ఉన్నదీ, కార్డు మీద ఎక్కినదీ ఆమెకి తాలూకా ఆఫీసు కాగితంతో సమానం. పాఠకులే తేల్చాలన్నారని నేనే చెప్పాను కదా.

బందరు రేవు దగ్గర ఉండే ఆమె అన్న వెతుక్కుంటూ వచ్చాడు. శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించాలి. అది చేసేసి, చెల్లెల్ని తనతో తీసుకెళ్తానన్నాడు. కర్మ అంటే ఆమె బొట్టు తుడవాలి, గాజులు తియ్యాలి, ఆ మనిషిని ఇక వెళ్ళమని చెప్పాలి. ఆమె ఒప్పుకోలేదు. "ఒకసారి నోరు జారి పొమ్మన్నానన్నా. రెండోసారి అనను" అంది. తిండి మానేసింది. పెట్టింది పెట్టినట్టే ఉండేది. కొట్టంలోంచి గుడిసె చోటికి నడిచే ఓపిక కూడా తగ్గుతోంది. అతను నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏం కథలు చదివారమ్మా దానికి? ఇది ఇక్కడే చచ్చిపోద్ది. మీకు ఇష్టమేనా?"

ఆమె మాత్రం, "ఆ కథలో ఏం తేల్చారో వినాలి. అప్పుడు చూద్దాం" అంది.

బస్సులు మళ్ళీ తిరిగాయి, పత్రిక వచ్చింది. ఆ పత్రిక చూస్తే నాకు వచ్చిన కోపం చెప్పలేను. దివిసీమ అంతా పీనుగుల దిబ్బ అయిపోతే అక్కడ అట్టమీద ఆ బంగళా ఆవిడ అదే తడిచీరతో, అదే మల్లెపూలతో నిలబడి ఉంది. పాఠకుల్లో ఎక్కువమంది ఆమె వెళ్ళిపోవాలనే రాశారట. రచయిత వాళ్ళ మాట మన్నించాడట. కొన్ని అభిప్రాయాలు అచ్చువేశారు. మాది అందులో లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రం ఎప్పటిలాగే పేజీన్నర ఉంది. చివర ఆ ఆస్తిపరుడే గొళ్ళెం తీసి, "వెళ్ళు" అంటాడు. ఆమె వెళ్తుంది.

మార్చి చదువుదామని నాకు అనిపించకపోలేదు. ఉండిపోయిందని చదివితే ఆమె ఆ బురదలోనే కూర్చుని ప్రాణం వదిలేస్తుంది. వెళ్ళిపోయిందని చదివితే మొగుణ్ణి తనే తరిమేశానని నమ్ముతుంది. ఎటూ పాలుపోలేదు. అత్తయ్యగారిని అడిగాను. "ఉన్నది చదువు. దానికి ఇన్నాళ్ళూ చదివింది అదే కదా" అన్నారు.

మధ్యాహ్నం వసారాలో చదివాను. ఆమె మెట్టు మీద, వాళ్ళన్న కింద గోనెపట్టా మీద. ఎవరూ అడక్కుండానే అన్నీ మెల్లగా చదివాను. చివరిమాట అయ్యాక ఆమె తల ఊపింది.

"పంపేశాడు. నా మాట విన్నాడు."

"నీ ఒక్కదాని మాటేం కాదు, బోలెడుమంది రాశారు" అన్నాను.

"అందులో నేనూ ఉన్నాను కదమ్మా" అంది. లేచి కొట్టంలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూటా తినలేదు. మర్నాడూ తినలేదు.

మూడోనాడు పోస్టుమాన్ వచ్చాడు. ఉప్పెన తర్వాత అతను మా ఊరు రావడం అదే మొదలు. ఏవో మాటలు చెప్తూ, శుక్రవారం డబ్బాలో పడ్డ ఉత్తరాల సంగతి చెప్పాడు. శనివారం పొద్దుటి బస్సులో వెళ్ళాల్సిన సంచీ అది. గాలికి బస్సు రాలేదు. సంచీ పోస్టు నడిపే ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆయనా లేడు. "ఒక్క కాయితం దక్కలేదండీ" అన్నాడు అతను. అతను బాధపడుతూ చెప్తుంటే నాకు లోపల సంతోషం పొంగింది. ఉప్పెన వచ్చాక నేను విన్న మొదటి మంచి కబురు అది. అతని మాట పూర్తికాకుండానే కొట్టంలోకి పరిగెత్తాను.

వాళ్ళన్న ఆమెకి గంజి తాగించాలని చూస్తున్నాడు. ఆమె పళ్ళు బిగించుకుని ఉంది. పక్కన కూలబడి అంతా చెప్పాను. కార్డు వెళ్ళలేదు. ఊరే దాటలేదు. నీళ్ళలో పోయింది. నువ్వు పొమ్మన్న మాట పత్రికవాళ్ళకి చేరలేదు, ఎవరికీ చేరలేదు. ఆయన్ని నువ్వు పంపలేదు.

ఆమె లేచి కూర్చుంది. నా మాట నిజమా కాదా అన్నట్టు కళ్ళలోకి చూసింది. వాళ్ళన్న చేతిలో గిన్నె పట్టుకుని ఆశగా చూస్తున్నాడు.

"నేను పంపలేదా?"

"లేదు. ఒట్టు."

"ఎవరూ పొమ్మనలేదా?"

"లేదు."

"మరైతే ఎందుకు రాలేదమ్మా?" అంది.

ఆమె నా మొహం అలాగే చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే ఆ మొహంలో ఏదో విరిగింది. అన్న వైపు తిరిగి, "రేపు కర్మ కానిచ్చెయ్యి అన్నా" అంది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. వసారాలో ఉన్న అత్తయ్యగారికి వినపడి, విరిగిన చెయ్యి రెండోచేత్తో పట్టుకుని వచ్చి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు.